ఎనిమిదో జెండాకర్ర

2009 డిసెంబర్ నాటికి నేను అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో, ఒక హాబీ షాపులో పెయింటర్‌ని. ఆ మాట చెబితే మనవాళ్లు గోడలకి సున్నం వేస్తాననుకునేవారు. బల్ల మీద యుద్ధాలాడే పెద్దమనుషుల కోసం, రెండంగుళాలైనా లేని సీసపు సైనికులకి రంగులు వేయడం నా పని. ఆ బొమ్మల్నే మినియేచర్లంటారు. ఆడేవాళ్ల చాదస్తం అంతా ఇంతా కాదు. ఏ శతాబ్దపు సైన్యానికి ఆ శతాబ్దపు జెండాయే ఉండాలి. తప్పితే ఎదుటివాడు ఆట ఆపి మరీ చెబుతాడు.

ఒకరోజు కెవిన్ అనే ఆయన బూట్ల డబ్బాతో వచ్చాడు. బస్ డ్రైవర్‌గా రిటైరయ్యాడు, డెబ్బై దాటాయి. తాతల కాలంలో ఐర్లండ్ నుంచి వచ్చిన కుటుంబం. డబ్బాలో వెయ్యేళ్లకు పైబడిన కాలపు ఐర్లండ్ సైన్యం. రంగులు ఎంత నాజూగ్గా వేశారో! జెండా మోసేవాళ్లు ఎనిమిది మంది ఉన్నారు గానీ, కర్రలు మాత్రం బోసిగా ఉన్నాయి.

"మా తమ్ముడు టామ్ వేశాడు. ఈ వేసవిలో పోయాడు," అన్నాడు. "మా ఇద్దరికీ చెడింది ఈ జెండాల దగ్గరే. మా వంశం గుర్తు వెయ్యమన్నాను. ఆ కాలంలో అలాంటివి లేవు, తెలిసేదాకా ఖాళీయే అన్నాడు. ఆరేళ్లు మాట్లాడుకోలేదు."

కోటు జేబులోంచి ఒక కాఫీ మగ్గు తీశాడు. దాని మీద వాళ్ల ఇంటిపేరు, రెండు సింహాలు. "ఇది వేసిపెట్టు. మార్చిలో క్లబ్బులో టామ్ పేరున ఆడుతున్నాం."

"రాజన్నాక జెండా మీద గుర్తుండదా కెవిన్? మా చాళుక్యులకి వరాహం ఉండేది. మీవాళ్లకీ ఉండే ఉంటుంది," అన్నాను ధీమాగా. వాళ్ల చరిత్ర ఒక్క ముక్క చదవకుండానే మన కొలతతో కొలిచేశాను.

జెండాని కాగితం మీద వేసి, కర్రకి జిగురుతో చుట్టి, ఆరకముందే పెన్సిల్‌తో అలలు తిప్పుతాం. అలా మూడు పూర్తయ్యాక సింహాల రంగు సరిచూద్దామని లైబ్రరీకి వెళ్లాను. వంశ చిహ్నాలు ఆ దేశానికి సముద్రం దాటి వచ్చిన నైట్లనే గుర్రపు యోధులతో, బాగా తర్వాత చేరాయట. అంతకు ముందు జెండాల గుడ్డపీలిక కూడా మిగల్లేదు. పాత కథల్లో రంగురంగుల జెండాలున్నాయి గానీ, వాటి మీద ఏముందో ఎవరికీ రూఢిగా తెలియదు. టామ్ చెప్పిందే నిజం.

అడిగింది వేసివ్వడం షాపు పద్ధతి. నోరు మూసుకుని వేసేయొచ్చు. కానీ టామ్ పేరున ఆడే ఆటలో టామ్ కాదన్న జెండాలా? కెవిన్‌ని పిలిచి చెప్పేశాను.

"అయితే మావాళ్లకి ఏమీ లేదంటావా?"

"లేదనట్లేదు. ఏముండేదో తెలీదంటున్నాను."

"వాడూ ఇదే అన్నాడు," అని మగ్గు తీసుకుని వెళ్లిపోయాడు. డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. ఆ ముసలాయన్ని పోయిన తమ్ముడి చేతిలో మళ్లీ ఓడించానని చాలా బాధపడ్డాను.

విజయనగరం నుంచి ఆరు నెలలకని వచ్చిన మా అత్తయ్య నా మొహం చూసి కనిపెట్టేసింది. సంగతంతా విని, "జెండా నేకపోతే ఏటే? మన అమ్మోరి పండక్కి ముందు ఘటం నడుత్తాది. ఊరంతా దానెనకే గదా!" అంది.

లైబ్రరీలో చదివి వదిలేసిన ముక్క చప్పున గుర్తొచ్చింది. ఐర్లండులో యుద్ధానికి వెళ్లేటప్పుడు గతించిన క్రైస్తవ సాధువుల చేతికర్రనో, గంటనో సైన్యం ముందు మోసుకెళ్లేవారట. గబగబా డబ్బా వెతికాను. అడుగున కాగితంలో చుట్టి, రంగు వేయని సన్యాసి బొమ్మ ఒకటుంది. చేతిలో వంకీకర్ర. టామ్ అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడన్నమాట.

వారం తర్వాత కెవిన్‌ని బతిమాలి రప్పించాను. సన్యాసికి రంగు వేసి సైన్యం ముందు నిలబెట్టాను. సింహాల జెండాలు మూడూ ఊడదీసి, పక్కన ఏ బొమ్మా లేని ఎనిమిది జెండాలు ఇంకా అంటించకుండా పెట్టాను: కావి, ఎరుపు, ముతక తెలుపు. "గుడ్డల రంగులు నా ఊహ. సాధువు చేతికర్ర సైన్యం ముందు నడవడం మాత్రం పాత రాతల్లో ఉన్నదే. ఈ బొమ్మ టామ్ కొన్నదే," అన్నాను.

కెవిన్ ఆ సన్యాసిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకు చెప్పనేలేదు వెధవ," అన్నాడు. తర్వాత ముతక తెలుపు జెండా ఒకటి పక్కకి తీసేశాడు. "ఏడే అంటించు."

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పని చేశాను. ముందు చదివి, తెలియనిది తెలియదని చెప్పి, ఆ తర్వాతే బ్రష్ పట్టుకోవడం నాకు కెవిన్ డబ్బాతోనే అలవాటైంది. ఆ మార్చిలో ఆటకి నన్నూ రమ్మన్నాడు, వెళ్లాను. ఎదుటి ఆటగాడు ఎనిమిదో కర్ర చూపించి, జెండా ఊడిపోయిందా అని అడిగాడు.

"లేదు," అన్నాడు కెవిన్. "తెలిసేదాకా ఖాళీయే."