పెద్దక్క ఆపిన బస్సు

మానసిక వైద్యశాలలో హెడ్ నర్సు పెద్దక్క దగ్గితే, ఆగిన గోడగడియారం కూడా ఉలిక్కిపడి నడుస్తుంది. అనుమానముంటే గడియారాన్నే అడగండి.

ఆ వార్డులో ఒంటరి గది ఒకటుంది. ఎవరైనా మీదపడితే అందులో పెట్టి తాళం వేసే అధికారం పెద్దక్కది. ఎందుకు వేసిందో, ఎందుకు వెయ్యలేదో రాసి సంతకం పెట్టే పూచీ కూడా ఆమెదే.

ఆ ఉదయం కండక్టర్ బాబాయికి బస్సు పూనింది. రిటైరై పదేళ్లయినా, "జరగండి, వెనక ఖాళీగా ఉంది" అంటూ తోటి రోగులందర్నీ మంచాల మధ్యకు తోసేస్తున్నాడు. కొత్త డాక్టరును కూడా తోసి ఓ మంచం మీద కూలేశాడు.

"గదిలో పెట్టెయ్యండి సిస్టర్," అన్నాడు డాక్టరు, కళ్లజోడు వెతుక్కుంటూ.

బాబాయి మర్నాడే ఇంటికెళ్లాలి. గదిలో పడితే ఆ ప్రయాణం రెండు వారాలు వెనక్కి పోతుంది.

"తాళం వేసేది నేను, జవాబు చెప్పేది నేను. ఒక్క నిమిషం ఓపిక పట్టండి బాబూ," అని పెద్దక్క గొంతు సవరించుకుని, బస్సు ఆపడానికి కండక్టర్లు వేసే కేక వేసింది. "హోల్డాన్."

ఆ కేకకు వీధిలో నిజం బస్సులే మూడు ఆగాయి. బాబాయి ఠక్కున నిలబడిపోయాడు.

"ఏ స్టాపమ్మా?"

"ఆఖరి స్టాపు బాబాయ్. అందర్నీ దింపి కాఫీ తాగు."

అందరూ వరసగా దిగారు. డాక్టరు కూడా బుద్ధిగా దిగాడు.

"బస్సు ఆగింది, గది అవసరం పడలేదు" అని పెద్దక్క రిజిస్టరులో రాసి సంతకం పెట్టింది. "రేపు ఇంటికి పంపవచ్చు" అని డాక్టరు దాని కింద రాస్తుంటే బాబాయి చెయ్యి చాపాడు.

"టికెట్ తీసుకున్నారా సార్?"