ఫ్యూజు చోట తీగ

ఆ వీధిలో ఆయన్ని చాదస్తం మేస్త్రి అంటారు. బండ్ల వైరింగు పని. ముప్పై ఏళ్లుగా అదే షెడ్డు, అదే టెస్టర్ లైటు, అవే తిట్లు. ఆ తిట్లలో సగం, ఫ్యూజు కాలిపోతే దాని బదులు తీగముక్క దూర్చి పంపే మెకానిక్కులకే దక్కేవి. "కొరివితో తల గోక్కుంటారని విన్నాం గానీ, వీళ్లు ఎదుటివాడి తల గోకుతున్నారయ్యా!" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. వినేవాడికి ఓపిక ఉందా లేదా అన్నది ఎప్పుడూ పట్టించుకోలేదు.

అలాంటి మనిషి తనూ తీగ పెట్టేవాడు. షార్టు ఎక్కడుందో ఎంతకీ దొరకనప్పుడు, ఒక్క నిమిషం. వైరు ఎక్కడ వేడెక్కితే జబ్బు అక్కడే. దానికి ఆయన పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది: తీగ లోపల ఉన్నంతసేపూ బండి తాళంచెవి తన చొక్కా జేబులోనే ఉండాలి. తాళం లేకుండా బండి ఎవడు కదిలిస్తాడు?

ఆ రోజు వచ్చింది అల్లుడి వ్యాను. రేడియేటర్ ఫ్యాన్లు తిరగడం లేదు, ఎత్తు ఎక్కితే ఇంజను కాగిపోతోంది. పక్క ఊళ్లో ఎవరో రెండుసార్లు ఫ్యూజు మార్చి చేతులు దులుపుకున్నాడట. మేస్త్రి ఫ్యాన్లకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చాడు. రెండూ గిర్రున తిరిగాయి. వాటికి కరెంటు అందించే రిలే కూడా బాగానే ఉంది. కొత్త ఫ్యూజు వేసి బండిని కాస్త ఊపాడో లేదో, టప్పున పోయింది. ఎక్కడో వైరు పైతొడుగు అరిగి ఇనుముకు తగులుతోంది. తీగ పెట్టి చూశాడు. ఆ కాసేపూ వైరు ఎంత కదిపినా చల్లగానే ఉండిపోయింది. అది ఆయనకేమీ నచ్చలేదు.

ఇంతలో జల్లు మొదలైంది. మళ్లీ చూద్దామని తీగ అలాగే ఉంచి బానెట్ మూసి, తాళం జేబులో వేసుకుని, లోపలికెళ్లి రెండు ముద్దలు తిని నడుం వాల్చాడు.

లేచేసరికి షెడ్డు ఖాళీగా ఉంది.

చెయ్యి జేబుమీదికి పోయింది. తాళం అక్కడే ఉంది. రెండో తాళం కిందటేడు తనే చేయించి కూతురికిచ్చాడు.

"బానెట్ మూసుంటే పనైపోయిందనుకున్నాడు అల్లుడు. మిమ్మల్ని లేపొద్దన్నాడు, పాపం. అమ్మాయీ అతనూ వెళ్లి పావుగంటైంది," అంది భార్య.

అల్లుడికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టనని అతని చేత ఒట్టు వేయించుకున్నది ఈయనే. కూతురికి చేశాడు. ఆమె మరిచిపోయిన ఫోన్ పక్క గదిలోనే మోగింది.

స్కూటర్ తీశాడు. ముందున్నది కొండదారి. ఎత్తు మొదలైతే ఫ్యాన్లు అందుకుంటాయి. ఆ ఊపుకి వైరు ఇనుముకు తగిలితే, ఆపడానికి ఫ్యూజు లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక బండి దారిలో చెడి ఆగిపోవాలని దేవుడికి మొక్కుకున్నాడు.

మూడో మలుపులో కాలిన ప్లాస్టిక్ వాసన తగిలింది.

వ్యాను రోడ్డు వారగా ఆగి ఉంది, బానెట్ నల్లగా మాడిపోయి. అల్లుడు ఇంకా మట్టి చల్లుతున్నాడు. కూతురు రాతి మీద కూర్చుని, కుడి అరచెయ్యి వెల్లకిలా ఒళ్లో పెట్టుకుంది. పొగ కనిపిస్తే ముందు బ్యాటరీ వైరు పీకెయ్యాలని చిన్నప్పుడు ఆయనే నేర్పాడు. పీకేసింది. కరిగిన ప్లాస్టిక్ ఆ అరచేతికి అతుక్కుపోయి ఉంది.

"బతికున్నావమ్మా," అంటూ ఏడ్చేశాడు.

"ఇది ఆ పక్క ఊరి వెధవ పనే, మామయ్యా!" అల్లుడు మసిబారిన తీగముక్క ఎత్తి చూపించాడు. "ఫ్యూజు చోట ఇంత లావు తీగ! వాణ్ణి ఊరికే వదలను."

అవునంటే అక్కడితో అయిపోయేది.

"అయినా నీ కంట పడకుండా ఎలా పోయింది, నాన్నా?" అంది కూతురు.

మేస్త్రి జేబులోంచి తాళం తీసి, ఆమె కాలని చేతిలో పెట్టాడు.

"పడకపోవడమేంటమ్మా, నేనే పెట్టాను."

ఆమె ఆ తాళం వంక చూస్తూ ఉండిపోయింది. గుప్పిట మాత్రం మూయలేదు.