ఝసకేతన్ మామ పాట

ఒడిశాలో మా బర్పాలీ చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఝసకేతన్ తాండి ముహురి, అంటే మా సన్నాయి, ఊదితే డోలు పట్టేది నేనే. ఆయన వయసులో ఉండగా కుంతల మీద మనసుపడి ఒక పాట కట్టాడు. పాట పుణ్యమో ఏమో, పిల్ల దక్కింది. తర్వాత ఆ పాటను ఎవరో గాయని రేడియోలో పాడింది. ఆ పైన క్యాసెట్లవాళ్లు, ఆల్బమ్‌లవాళ్లు, చివరికి డీజేలవాళ్లు. అందరూ వేసింది ఒకటే ముద్ర, ‘జానపదం’ అని. నేను కట్టానని మామ అంటే కుర్రాళ్లు, “అవును మామా, మహానదిని తవ్వింది కూడా నువ్వేగా” అనేవారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. కుంతల పోయాక, సాక్ష్యం చెప్పే ఒక్క మనిషీ లేక, ఆయన ఆ మాటే ఎత్తడం మానేశాడు.

మొన్న ఫాల్గుణంలో ఒక పెళ్లి. ఆడపెళ్లివారి మేళం మాది. మా దగ్గర రెండు మేళాలూ ఎదురుపడితే పోటీ తప్పదు. ఎదుటివాడు వాయించిన పాటను మళ్లీ వాయిస్తే ఓటమే. ఓడినవాడు ముహురి నేలమీద పెట్టాలి, ఆ ఏడు అతణ్ని ఎవరూ పెళ్లికి పిలవరు.

మగపెళ్లివారి తేజరాజ్ సరిగ్గా మామ పాటే ఎత్తుకున్నాడు, అదీ డీజే కుదుపులతో. మామ మొహం నల్లబడింది. వేరేది ఎత్తమని చెవిలో చెప్పాను. వినలేదు. ఆయన ఊదింది నేనెన్నడూ వినని వరస. డోలు మీద నా చేతులు ఆగిపోయాయి.

ఆ పాటే తిప్పి ఊదాడని తేజరాజ్ పేచీ పెట్టాడు. తీర్పు చెప్పాల్సిన ఊరిపెద్దకు మా మామంటే అభిమానం.

“ఈ వరస ఆ పాటలో లేదే. వేరే పాటని ఒక్క మాట చెప్పు ఝసకేతన్, గెలుపు నీదే,” అన్నాడు.

మేళంలో మిగతా ఏడుగురం ఆయన నోటివైపే చూస్తున్నాం. మా అందరి ఏడాది కూడు ఆ మాటలో ఉంది. చెప్పమని మోచేత్తో పొడిచాను.

“అదే పాట,” అన్నాడు మామ. “ఇది మూడో చరణం. రేడియోలో టైము చాలక వదిలేశారు, వెనకొచ్చినవాళ్లకు తెలియలేదు. కుంతల కోసం కట్టింది నేనే.”

ముహురి నేలమీద పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు పనిలేక ఇటుకలు మోస్తున్నాం. ఆ పాట ఆయనది కాదని మాత్రం చుట్టుపక్కల ఎవడూ అనడం లేదు. ఓడిపోవడానికి ఎవడైనా అబద్ధమాడతాడా?