గుట్ట దిగడం మళ్ళీ నేర్చుకున్నాను

ఆ ఆదివారం పహాడీషరీఫ్ గుట్ట వెనకవైపు రాళ్ళ దారిలో దిగుతూ ఉన్నట్టుండి దగ్గాను. ఉమ్మితే రాయి మీద సన్నని ఎర్రటి చార కనిపించింది. వెనక నుంచి మిగతావాళ్ళ అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది. బూటు కొనతో దాని మీదికి ఇంత మట్టి తోసి మళ్ళీ పరుగందుకున్నాను. నెత్తురు చూసినందుకు కాదు, ఎవరైనా చూస్తారేమోనని భయపడ్డాను.

ఎందుకో చెప్పాలి. మాది లాల్‌దర్వాజా. కరెంటు ఆఫీసులో మీటర్ రీడర్‌ని. అప్పటికి ముప్పై దాటి రెండేళ్ళు. మేం ఏడుగురం ప్రతి ఆదివారం తెల్లవారగానే సైకిళ్ళ మీద బార్కస్ చేరి, అక్కడి నుంచి గుట్టదాకా పరుగెత్తి, ఎక్కి దిగి, తిరిగొచ్చేవాళ్ళం. మాకు పెద్దదిక్కు సాలం భాయ్. బార్కస్ మనిషి, వయసులో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు. చేతిగడియారం ఆయన ఒక్కడికే ఉండేది కాబట్టి ఎవరు ఎంతసేపట్లో వచ్చారో ఆయనే చెప్పేవాడు. పరుగయ్యాక ఇరానీ హోటల్లో కూర్చుని, పోయిన వారం కన్నా ఎవరు మెరుగయ్యారు, ఎవరు వెనకబడ్డారు అని మాట్లాడుకోవడం మాకు పరుగంత ఇష్టం. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున్నే కాలు నొప్పి, జలుబు, నిద్ర లేదు అంటూ నోరు తెరిచినవాడు ఆ రోజు అందరికీ చాయ్ తాగించాలి. సాకు చెప్పాడు కనుక దానికి బహానా చాయ్ అని పేరు. ఐదేళ్ళలో నేను ఒక్కసారి కూడా తాగించలేదు. అది నాకు పెద్ద గొప్ప.

ఇంకో గొప్ప కూడా ఉండేది. గుట్ట ఎక్కడంలో నాకన్నా గట్టివాళ్ళు ఉన్నారు కానీ దిగడంలో నన్ను అందుకున్నవాడు లేడు. రాయి మీద నుంచి రాయి మీదికి, ఆగకుండా, చూడకుండా దిగేవాణ్ణి. అలాంటి మనిషి దగ్గుతున్నానని ఎలా చెబుతాడు?

నిజానికి నా ఒళ్ళు అప్పటికి రెండు నెలల నుంచీ చెబుతూనే ఉంది. వినే తెలివి నాకు లేదు. బరువు తగ్గాను. పరుగువాడికి బరువు తగ్గడం అంటే పండగే కదా. బెల్టుకు కొత్త రంధ్రం పొడిచి హోటల్లో అందరికీ చూపించాను, అందరూ భేష్ అన్నారు. సాయంత్రాలు ఒళ్ళు కాస్త వెచ్చబడితే రోజంతా ఎండలో మీటర్ల కోసం తిరిగినందుకే అనుకున్నాను. ఇంతగా చిక్కినా నా పరుగు మాత్రం వారం వారం మందగిస్తోంది. సాలం భాయ్ గడియారం చూసి నా టైము గొంతు తగ్గించి చెప్పేవాడు.

చివరికి పట్టుకున్నది నా భార్య అనసూయ. బట్టలు ఉతుకుతూ నా రుమాలు మీద నెత్తుటి మరక చూసింది. ఏడవలేదు, అరవలేదు. మర్నాడు నా చేత సెలవు పెట్టించి, రెండు బస్సులు మార్చి, ఊరికి అవతలి కొసన ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రే తీశారు. మూడు రోజులు స్పుటమ్, అంటే కఫం, పరీక్షకు ఇమ్మన్నారు. నాలుగోనాడు డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పెట్టి చూపించింది. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన, కానీ దాచి మాట్లాడదు.

"కుడివైపు ఊపిరితిత్తి పైభాగంలో ప్యాచ్ ఉందండీ. స్పుటమ్ పాజిటివ్. టీబీ."

మళ్ళీ గుట్ట ఎక్కగలనా అని అడిగాను. నేను మొదట అడిగింది అదే. అనసూయ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. డాక్టరమ్మ మాత్రం నవ్వి, ముందు ఏడాదిన్నర మందులు మానకుండా వాడమనీ, గుట్ట ఎక్కడికీ పోదనీ అంది. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, దానితోపాటు మాత్రలు. మొదట్లో ఇంట్లోనే విడిగా పడుకోవాలి. నాతో తిరిగినవాళ్ళందరూ పరీక్ష చేయించుకోవాలి.

ఆ చివరి మాట నన్ను చంపేసింది. ఆ రోజుల్లో టీబీ అంటే వీధిలో ఆ ఇంటిని తప్పించుకుని నడిచేవాళ్ళు. నాకు పచ్చకామెర్లని చెప్పమని అనసూయను బతిమాలాను. ఆమె వినలేదు, తానే బార్కస్ వెళ్ళి సాలం భాయ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చింది. ఆ వారమే ఆరుగురూ ఎక్స్‌రేలు తీయించుకున్నారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ లేదు. తరువాతి ఆదివారం సాలం భాయ్ డబ్బా నిండా వేడి హరీస్ తెచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు. గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించిన ఆ హరీస్ తింటే బార్కస్‌దే తినాలి.

"నీ దగ్గు నాకు ఇనబడలేదా యాదగిరీ? ఇనబడ్డది. చాయ్ తప్పించుకుంటున్నవని నవ్వుకున్న. గలతీ నాది గూడ ఉన్నది" అని తన తప్పు ఒప్పుకున్నాడు.

ఆ రోజుతోనే బహానా చాయ్ రద్దయింది. ఇప్పుడు మా దగ్గర నొప్పి దాచినవాడే తాగిస్తాడు.

మందులు పనిచేశాయి. నెలలో దగ్గు తగ్గింది, అన్నం రుచించింది, మళ్ళీ డ్యూటీకి వెళ్ళసాగాను. బెల్టు మళ్ళీ పాత రంధ్రానికి వచ్చింది. ఇక బాగయ్యానని సంబరపడుతున్నప్పుడు, సుమారు యాభయ్యో ఇంజెక్షన్ దగ్గర అసలు దెబ్బ తగిలింది.

ఒక పొద్దున నల్లా దగ్గర మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాను. అంతే, భూమి పక్కకు జరిగినట్టయింది. గోడకు గుద్దుకుని కింద పడ్డాను. కళ్ళు తెరిస్తే అంతా మామూలుగానే ఉంది. మధ్యాహ్నం బజారులో నడుస్తుంటే దుకాణాల బోర్డుల మీద అక్షరాలు నా అడుగుకో ఎగురు ఎగురుతున్నాయి. నేను ఆగితే అవీ ఆగుతాయి. నీరసం అనుకున్నాను. ఇంకో పిచ్చి కూడా ఉంది, ఒప్పుకుంటాను. అలవాటైతే అదే పోతుందని, రోజూ ఆఫీసు నుంచి ఇంటికి ఇంకాస్త వేగంగా నడిచి ఒంటికి బుద్ధి చెబుతున్నాననుకున్నాను. చాయ్ కట్టుబాటు పోయింది కానీ అది నా బుర్రలోంచి పోలేదు. పది రోజులు ఎవరికీ చెప్పలేదు. పది ఇంజెక్షన్లు ఎక్కువ పడ్డాయి.

పదకొండో రోజు అనసూయ దారికి అడ్డంగా నిలబడింది.

"పది దినాల సంది గోడ పట్టుకొని నడుస్తున్నవ్. నాకు కండ్లు లేవనుకున్నవా? డాక్టరమ్మకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

డాక్టరమ్మ నన్ను కాళ్ళు దగ్గర పెట్టి నిలబడమని, కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే ఊగిపోయాను. ఆమె పట్టుకోకపోతే పడేవాణ్ణే. స్ట్రెప్టోమైసిన్ కొందరిలో చెవి లోపల ఉండే బ్యాలెన్స్ నరాన్ని దెబ్బతీస్తుందట. తల తిరిగితే వెంటనే రమ్మని మొదటి రోజే నాతో చెప్పింది కూడా. ఆమె చెప్పడం నాకు గుర్తే. అది తలతిరగడం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"మొదటి రోజే వచ్చి ఉంటే ఆ రోజే ఇంజెక్షన్ ఆపేసేదాన్ని. ఇప్పుడు పోయింది తిరిగి రాదు. కళ్ళూ కాళ్ళూ కలిసి ఆ పని నేర్చుకుంటాయి, కానీ టైము పడుతుంది. రాళ్ళ మీద పరుగెత్తి దిగడం మాత్రం మరిచిపోండి."

ఇంజెక్షన్ బదులు పాస్ అనే మందు ఇచ్చారు. గుప్పెడేసి మాత్రలు, మింగితే కడుపులో దేవినట్టుండేది. దాన్ని భరించాను. భరించలేనిది ఆ చివరి మాట. నేను ఎక్కువ చదివినవాణ్ణి కాదు, పెద్ద ఉద్యోగమూ కాదు. లోకంలో నాకన్నా ఎవరూ బాగా చేయలేని పని ఒక్కటుంటే అది ఆ గుట్ట దిగడం. అదీ పోతే నేనెవరిని అని ఆ రాత్రి అనసూయ దగ్గర ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. కళ్ళూ కాళ్ళూ నేర్చుకుంటాయని కూడా డాక్టరమ్మే చెప్పింది కదా, ఆ సగం ఎందుకు వినబడలేదు అని అడిగింది.

మర్నాటి నుంచి మా వాకిలే నా బడి. అంచున పేర్చిన ఇటుకల మీద అడుగు ముందు అడుగు వేసి నడవాలి. ఒంటికాలి మీద నిలబడాలి. నా తువ్వాలు ఒక కొస నా నడుముకు, రెండో కొస అనసూయ చేతిలో. పక్కింటివాళ్ళు నవ్వితే ఆమె కూడా నవ్వుతూనే వాళ్ళను ఒక చూపు చూసేది. మూడు నెలలకు తువ్వాలు వదిలేశాం. నడుస్తుంటే బోర్డుల మీది అక్షరాలు మాత్రం ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

దానికి దారి చూపినవాడు జాన్సన్. మాతో పరుగెత్తే కుర్రాళ్ళలో ఒకడు, యాకుత్‌పురా రైల్వే క్వార్టర్లలో ఉండేవాడు. పట్టాల బోల్టులు, బిగింపులు చూసుకుంటూ రోజూ మైళ్ళకు మైళ్ళు నడవడం అతని ఉద్యోగం. రైళ్ళు రాని ఒక పాత లైను ఉంటే, పైవాళ్ళను అడిగి నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. పట్టాల కింద అడ్డంగా వేసిన స్లీపర్లు ఒకే ఎడంలో ఉండవు, మధ్యలో కంకర రాళ్ళు కాళ్ళకింద జారుతుంటాయి. నేను కిందికి చూస్తూ నడిచి నాలుగో స్లీపరు దగ్గరే బోర్లా పడ్డాను.

"కాళ్ళు చూసుకుంట నడిస్తే పడ్తవ్ యాదన్నా. మేమందరం గట్లనే పడ్డం ముందుగల్ల. పది స్లీపర్లు అవతల ఒక్కటి పట్టుకొని దాన్నే చూడు. కాళ్ళ సంగతి కాళ్ళే చూసుకుంటయ్."

ఆ మాట నన్ను మళ్ళీ మనిషిని చేసింది. కళ్ళు దూరంగా ఒకచోట నిలిపితే లోకం ఎగరడం తగ్గింది. డ్యూటీ అయ్యాక వారానికి నాలుగు సాయంత్రాలు జాన్సన్ నాతో నడిచాడు. ముందు నడక, తరువాత వడినడక, ఆ తరువాత చిన్న పరుగు. ఏడాదిన్నర పూర్తయ్యేసరికి స్పుటమ్ నెగెటివ్, ఎక్స్‌రేలో ప్యాచ్ మానిన మచ్చ. మందులు ఆపేశారు. ఆ ఆదివారమే గుట్టకు వెళ్ళాను.

ఎక్కడం ఎక్కాను. దిగేటప్పుడు పాత పొగరుతో నాలుగు గెంతులు గెంతి, కనుబొమ పగలగొట్టుకున్నాను. సాలం భాయ్ నన్ను తిట్టకుండా, పక్కన నడుస్తూ, ఒక్కో రాయి చూపిస్తూ దించాడు. ఐదేళ్ళు చూడకుండా దిగిన దారిని అప్పుడు మొదటిసారి చూశాను. తరువాత పది నెలలు అదే పని. మూడు రాళ్ళ అవతల కళ్ళు నిలపడం, అడుగు వేయడం, మళ్ళీ నిలపడం. వారం వారం హోటల్లో నా టైము చెబుతుంటే మిగతావాళ్ళు తమ టైముల కన్నా దాని కోసం ఎదురుచూసేవాళ్ళు. ఒక్క నిమిషం తగ్గినా బల్ల మీద చేతులు చరిచేవాళ్ళు.

ఆ చలికాలం మాలో మేం పందెం పెట్టుకున్నాం. బార్కస్ తోటల జామపండ్ల బుట్ట బహుమానం. కొత్తగా చేరిన ఇద్దరితో కలిపి తొమ్మిది మందిలో నేను ఐదో వాణ్ణి. బుట్ట జాన్సన్ గెలిచాడు. కానీ నేను గుట్ట వెనకవైపు రాళ్ళ దారిలో, మొదటి రాయి నుంచి చివరి రాయి దాకా, ఎక్కడా నడవకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పరుగెత్తి దిగాను. కింద అనసూయ నిలబడి ఉంది. పెళ్ళయ్యాక ఆమె నా పరుగు చూడడానికి రావడం అదే మొదలు. అంతకుముందు ఎన్ని పందాలలో ముందొచ్చినా నాకు అంత గర్వం కలగలేదు, ఈ మాట సిగ్గు లేకుండా చెబుతున్నాను.

పది రోజులకు డాక్టరమ్మ దగ్గరికి చెకప్‌కి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. కాళ్ళు దగ్గర పెట్టించి, కళ్ళు మూసుకోమంది. మునుపటిలాగే ఊగాను. ఆమె నా భుజం పట్టుకుంది.

"ఇంకా ఊగుతున్నారు కదండీ. మరి ఎలా దిగారు?"

"కండ్లు తెరుచుకొని దిగిన డాక్టరమ్మా" అన్నాను.

ఆమె చాలాసేపు నవ్వింది. నా కేసు కాగితం మీద ఏదో రాసుకుంది కూడా.

ఇప్పుడు నాకు నలభై దాటింది. చీకట్లో నడవాలంటే ఇప్పటికీ పక్కన ఎవరిదైనా భుజం కావాలి. సినిమాకు వెళితే అనసూయదే. మొహం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనిస్తాను. ఆదివారాలు మాత్రం తప్పవు. మా గుంపు పెరిగింది. కొత్తవాళ్ళకు గుట్ట దిగడం నేనే నేర్పుతాను. చూడకుండా దిగేవాడికి నేర్పడం రాదు, నాకు వచ్చు.

గుట్టల మీద పరుగెత్తే తమ్ముళ్ళకు ఒకే మాట. ఒళ్ళు కొత్తగా ఏదైనా చేసిందంటే, అది దగ్గైనా తూలడమైనా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి, దానికి పేరు పెట్టే పని మీరు చేయకండి. మందు మీ అంతట మీరు ఆపకండి, మందు చేసే కీడూ దాచకండి. తూలడం నేను దాచింది పది రోజులే. ఆ పది రోజులకు నా చెవిలో నరం పోయింది. గుట్టను మాత్రం నేను పోనివ్వలేదు.