మా నాయన చేని మీద లంగరు

ఆ రోజుల్లో మాకు నీళ్ల గురించి తెలిసిందంతా అవి లేకపోవడం గురించే. ఎవరి బోరు ఎన్ని అడుగుల దగ్గర ఎండిపోయిందో, ట్యాంకరు ఏ రోజు రాకుండా ఎగ్గొట్టిందో, మబ్బు ఏ దిక్కున కూడి ఏ దిక్కున చెదిరిందో మా గార్లదిన్నె వైపు పసిపిల్లలనడిగినా చెప్పేవాళ్లు. అలాంటి చోట పుట్టి, మోకాలు దాటి నీళ్లలోకి ఎన్నడూ దిగని నేను, డిప్లొమా పూర్తయిన ఏడాదికే ఒక విహార పడవకు ఇంజనీరునయ్యాను. ఎలా అయ్యావని అడగకండి. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లకీ తెలియదు, చేరిన నాకూ తెలియదు. ఇప్పుడు తలచుకుంటే ఆ నెలంతా నేను చేసిన పని ఒక్కటే, తెలియని విషయాన్ని తెలిసినట్టు తలూపడం.

జరిగిందేమిటంటే, ఏళ్ల తరబడి ఎండి బీటలు వారిన మా ఊరి డ్యాములోకి కాలువ నీళ్లు వచ్చాయి. ఒక ఏడాది వస్తే ఎవరూ నమ్మలేదు. రెండో ఏడాదీ వచ్చేసరికి జనం ఆదివారం టిఫిన్ క్యారియర్లతో కట్ట మీదికి రావడం మొదలుపెట్టారు. అది చూసి మా బస్సుల సారుకు ఆలోచన పుట్టింది. (ఆయన ఒకప్పుడు రాయదుర్గం రూట్లో నాలుగు బస్సులు తిప్పినవాడు. బస్సులు పోయినా పేరు మిగిలింది.) కోస్తా నుంచి ఒక పాత విహార పడవ కొన్నాడు. కింద సీట్లు, పైన రేకుల నీడ, నలభైమంది దాకా కూర్చోవచ్చు. అది లారీ మీద వస్తుంటే దారి పొడుగునా ఊళ్లకు ఊళ్లే బయటికొచ్చి చూశాయట. నడపడానికి తన పాత బస్సు డ్రైవరునే పెట్టుకున్నాడు. ఆయన్ని మేమంతా గేరు చాచా అనేవాళ్లం, ఎందుకంటే పడవ నడుపుతున్నప్పుడు కూడా ఆయన ఎడమచెయ్యి లేని గేరు కోసం వెతుక్కుంటూ ఉండేది. అన్నీ కుదిరాక తెలిసిందేమిటంటే పడవలో లంగరు లేదు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "లంగరు బోటుతోపాటు రాదండీ, అది విడిగా కొనుక్కోవాలండీ," అని చల్లగా చెప్పాడు.

సోమవారం పొద్దున బస్సుల సారు నన్ను పిలిపించాడు. "ఇదో ఇంజనీరూ, బస్సుకు హ్యాండు బ్రేకు ఎట్లనో పడవకు లంగరు అట్ల. ఆదివారం పడవకు పర్మిషన్ ఇచ్చే పెద్ద సారు వస్తాడు. నీళ్ల నడుమ కూర్చుని అన్నం తింటాడంట. ఆయన తిన్నంతసేపు పడవ మెదలగూడదు. మెదిలి కట్ట రాళ్లకు పోయి కొట్టుకునిందంటే నా మానం పోతాది. శనివారంలోపల మంచి లంగరు చూసి పెట్టు. చేతగాకపోతే ఇప్పుడే చెప్పు, మీ నాయన చేనికి పోయి మడక పట్టుకుందువు." మడకంటే మా వైపు నాగలి. ఆ మాట నాకు తగలరాని చోట తగిలింది. ఏడాది కిందటే మా నాయన ఎదుట నిలబడి, చచ్చినా మడక పట్టను, ఆ వేరుశనక్కాయల చేనులో నా బతుకు తెల్లారనివ్వను అని పెద్ద ఉపన్యాసం ఇచ్చి చేనులోంచి బయటపడినవాణ్ని. మా అమ్మ అప్పటికే ఊరంతా "మావాడు కెప్టెన్" అని చాటింపు వేసింది. ఇక వెనక్కి పోయి ఏ ముఖంతో మడక మేడి పట్టుకోను? అందుకని, "చేతనవుతుంది సార్," అని తలూపాను.

ఆ రాత్రీ పగలూ ఫోనులో లంగర్ల గురించి చదివాను. చదివేకొద్దీ నాకు అంతకుముందు తెలిసింది కూడా పోయింది. నాగలి కర్రులాంటిదొకటి, పారలాంటిదొకటి, పుట్టగొడుగులాంటిదొకటి, రెండు రెక్కలు మడుచుకునేదొకటి, నాలుగు కొక్కేలదొకటి. ఇసుకలో బాగా పట్టేది బురదలో పట్టదట, బురదలో పట్టేది రాళ్లలో ఇరుక్కుని మళ్లీ రాదట. ఒకడు ఆకాశానికెత్తినదాన్ని ఇంకొకడు తిట్టిపోశాడు. ఇద్దరూ ప్రపంచమంతా తిరిగినవాళ్లే. అన్నిట్లో ఉమ్మడిగా ఉన్న మాట ఒక్కటే, ముందు అడుగున ఏముందో తెలుసుకోమని. ఆ మాట చూసి ప్రాణం లేచొచ్చింది. సముద్రంలో అడుగు ఎవరికి తెలుస్తుందో గాని, మా డ్యాము అడుగు తెలియనివాడు మా ఊళ్లో లేడు. నీళ్లు రాకముందు అందరూ అందులో వేరుశనగ వేసుకున్నవాళ్లే.

టీ అంగడికి పోయి అడిగాను. "ఆడంతా గరుసు నేలే," అన్నాడొకాయన. "ఏం గరుసప్పా, బంకమన్ను! నా ఎద్దు కాలు ఇరుక్కున్నింది ఆడనే," అన్నాడు ఇంకొకాయన. "మీ ఇద్దరికీ తెలీదు. ఆడ బండ ఉండాది. నేను దానిమీదనే కాయలు ఎండబోసినా," అని మూడో ఆయన. అరగంటలో అది లంగరు విషయం పోయి ఎవరి గట్టు ఎవరు జరిపారన్న దానిలోకి దిగింది. మా నాయన కూడా అక్కడ ఒక చెక్క నేల దున్నినవాడే, పడవ నిలపాల్సిన చోట ఇంచుమించుగా ఆయన చేనే. అయినా ఆయన్ని అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది కదా.

మొదటి లంగరు బస్సుల సారుది. "బరువుంటే చాలప్పా, యాడికి పోతాది?" అని ఒక పాత డ్రమ్ములో బస్సు గేరుబాక్సు పెట్టి సిమెంటు పోయించాడు. ఆరుగురం కలిసి నీళ్లలోకి దొర్లించాం. మా వైపు గాలి సంగతి మీకు తెలుసో లేదో, ఊరికే కొండల నిండా గాలిమరలు పాతలేదు. ఆ గాలికి పడవ ఆ డ్రమ్మును పిల్లి పిల్లను లాక్కుపోయినట్టు బురదలో మెల్లగా లాక్కుపోయింది. దాన్ని మళ్లీ పైకి లాగడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

రెండోది మా అమ్మది. బావిలో బిందె పడితే తీసే పాతాళగరిగె మా ఇంట్లో ఉండేది, గుత్తులు గుత్తులుగా కొక్కేలతో. ఫోనులో చూసిన నాలుగు కొక్కేలదానికి ఇది పెద్దమ్మలాగే ఉందని తెచ్చాను. వేయగానే పడవ ఠక్కున నిలబడింది. నేను జేబులో చేతులు పెట్టుకుని చిన్నగా ఈల కూడా వేశాను. ఐదు నిమిషాలకు మళ్లీ కదిలింది. లాగి చూస్తే మునిగిపోయిన సర్కారు తుమ్మ చెట్టొకటి వేళ్లతో సహా పైకొచ్చింది. "ఇంజనీరుసాబ్, డ్యాం శుభ్రం చేసే కాంట్రాక్టు తీసుకో, బాగుంటాది," అన్నాడు గేరు చాచా.

ఇక లాభంలేదని బెంగళూరు నుంచి రెక్కల లంగరు తెప్పించాను. శుక్రవారం బస్సులో దిగింది. తళతళా మెరుస్తోంది గాని ఒంటిచేత్తో ఎత్తొచ్చు. బస్సుల సారు దాన్ని కోడిపిల్లను తూకం చూసినట్టు చేతిలో ఎగరేసి చూసి, "ఇది పడవను నిలబెడతాదా? దీన్నే ఎవరన్నా పట్టుకోవాల," అన్నాడు. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. నీళ్ల లోతు ఇరవై అడుగులు. తాడు లోతుకు ఐదింతలో ఏడింతలో వదలాలని నేను చదివిన ప్రతిచోటా రాసే ఉంది. కాని బావుల దగ్గర పెరిగిన బుర్రకు ఆ లెక్క ఎక్కలేదు. బావికి తాడు ఎంత? బావి ఎంత లోతో అంత. అంతకుమించి తెస్తే మా అమ్మ "మిగిలింది మెడకేసుకుంటావా?" అనేది. ఐదింతలు సముద్రంవాళ్ల దుబారా అనుకుని, రెండు అడుగులు ఉదారంగా కలిపి, ఇరవైరెండు అడుగులకు తాడు కోశాను. మిగతాదాన్ని పొదుపుగా అన్నీ అదే కొలతకు ముక్కలు చేసి దాచాను.

లంగరు వేశాం. పడవ ఆగలేదు. ఇంకోచోట వేశాం, ఆగలేదు. రెక్కలు తిరగేసి కట్టాను, రాయి జోడించాను, దండం కూడా పెట్టాను. గాలి వీచినప్పుడల్లా పడవ కట్ట రాళ్లవైపు తాపీగా నడిచిపోయేది, చాచా ఇంజను వేసి వెనక్కి తెచ్చేవాడు. రకం తప్పా, బరువు తప్పా, అడుగు తప్పా, అసలు నేనే తప్పా? ఏమీ తేలలేదు. "రేపు సాయంత్రం దాకా చూస్తా," అని బస్సుల సారు వెళ్లిపోయాడు. నాకు ఆ రోజు అన్నం దిగలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున మా నాయన వచ్చాడు. ఎవరూ పిలవలేదు. "మీయమ్మ నస పెడతాంది, పడవ చూసి రమ్మని," అన్నాడు. నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడిగితే చేతులు దూరంగా పెట్టుకుని, పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు. బస్సుల సారు కూడా ఎక్కాడు. మా నాయన ముందు, మా సారు ముందు ఒకేసారి పరువు పోగొట్టుకునే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? నేను లంగరు దించాను. పడవ జరిగింది. ఇంకోసారి దించాను. ఇంకా జరిగింది. మూడోసారి మా నాయన లేచి, రేకుల కమ్మీ పట్టుకుని, తొంగి చూసి అన్నాడు.

"ఏమప్పా, ఎద్దుల్ని మడక నెత్తిన కట్టినావే?"

నాకు అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు.

"మడకను ఆకాశంలోకి లాగితే నేల పట్టుకుంటాదా? పైకి లేచొస్తాది. ఎద్దులు దూరంగా ఉండల్ల. ఎద్దులకూ మడకకూ నడుమ నొగ పొడుగు ఉండల్ల. వాల్చి లాగితే గదా కర్రు లోపలికి దిగేది. నీ తాడు నిట్టనిలువునా ఉండాది. అది ఎట్ల పట్టుకుంటాదిరా? తాడు వదులు."

"ఇంక తాడు లేదు నాయనా."

"ఏమైంది?"

"కోసేసినా."

మా నాయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. గేరు చాచా పడవను ఒడ్డుకు తిప్పి పాత బస్సు టాపు మీద మూటలు కట్టే తాళ్లన్నీ తెచ్చాడు. నేను కోసిన ముక్కలు, ఆ తాళ్లు కలిపి మా నాయన ముడులు వేశాడు, పశువుల పలుపులకు వేసే ముడులే. ఆ తర్వాత ముందుకు పోయి నిలబడి చాచాకు దారి చెప్పడం మొదలుపెట్టాడు. కొండమీద మూడో గాలిమరను చూస్తాడు, కట్టమీద తూమును చూస్తాడు. "ఈడొద్దు, ఈడ గుండు ఉండాది, రెండు కర్రులు ఇరిగినాయి నాకు. ఇంగా పోనీ. పోనీ సాయిబూ. ఆ, ఈడ. ఈడ ఒండుమట్టి, మోకాటి మందం." దించాం. చాచా పడవను మెల్లగా వెనక్కి పోనిచ్చాడు. తాడు వాలుతూ, వాలుతూ పోయింది. ఒక్కసారి ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు బిగిసింది. పడవ ముక్కు గాలివైపు తిప్పుకుని నిలబడిపోయింది. మా నాయన కుడిచెయ్యి ఇంకా గాలిలో కిందికి నొక్కుతూనే ఉంది, మేడిని నొక్కినట్టు.

ఆదివారం పెద్ద సారు తృప్తిగా భోంచేశాడు. పడవ మెదలలేదు. మజ్జిగ తాగుతూ ఆయన, "లంగరు ఎంపిక ఎవరిది?" అని అడిగితే బస్సుల సారు నన్ను ముందుకు తోశాడు. నేను టై సర్దుకుని (అవును, టై కట్టాను) నేల స్వభావం, లాగుడు కోణం, రెక్కల వైశాల్యం అని పది నిమిషాలు దంచాను. మా నాయన ఒడ్డున జనంలో తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పేరు నా నోట రాలేదు. సాయంత్రం ఇంటికి పోతే ఆయనే అడిగాడు.

"ఆ పెద్ద సారు నిన్నేమో అడుగుతాండె?"

"లంగరు ఎట్ల ఏరినావని."

"ఏం చెప్పినావు?"

"ఇంజనీరింగ్ అని చెప్పినా."

"మంచిపని చేసినావు," అన్నాడు బీడీ వెలిగించుకుంటూ. "మడకని చెప్పుంటే నీ ఉద్యోగం నాకిచ్చేవాళ్లు."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను కొంచెం తక్కువగా.

ఆ ఉద్యోగంలోనే నేను పైకొచ్చాను. ఇప్పుడు నా కింద మూడు డ్యాముల్లో పడవలున్నాయి. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేసి, నమ్మకమైన లంగరు ఏదని అడుగుతారు. గంభీరంగా చెబుతాను. (నిజానికి ఏది మంచిదో ఇప్పటికీ నాకు తెలియదు. తాడు పొడుగ్గా వదలమని మాత్రం గట్టిగా చెబుతాను.) పోయిన నెల బస్సుల సారును చూడ్డానికి వెళ్లాను. మంచానికి అంటుకుపోయాడు, నోరు మాత్రం అలాగే ఉంది. ఇన్నేళ్లకు ధైర్యం తెచ్చుకుని, "సార్, ఆ రోజు లంగరు నిలిపింది నేను గాదు, మా నాయన," అన్నాను.

ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "నేనూ పడవలోనే ఉన్న్యా గదప్పా! ఆ రోజే మీ నాయనను పక్కకు పిలిచి అడిగినా. మీవాణ్ని పంపిచ్చేస్తా, నువ్వు రా, ఈడ నీడపట్టున కూర్చుందువు అని. వద్దనె. 'మావాడు మడక పట్టడు సామీ, వాణ్ని ఈడే ఉండనీ' అనె."

తిరిగొస్తూ డ్యాము బయట ఉన్న మా చేను దగ్గర ఆగాను. మా నాయన గట్టుమీద కూర్చుని కలుపుతీసేవాళ్ల మీద కేకలేస్తున్నాడు. ఆ ఉద్యోగం ఎందుకొద్దన్నావని అడిగాను. "అయ్యన్నీ యాడ గుర్తుంటాయప్పా," అన్నాడు, నా ముఖం చూడకుండా. "అయినా నాకు నీళ్లంటే భయం." మళ్లీ కలుపువాళ్ల వైపు తిరిగి కేకేశాడు. నేనూ పక్కన కూర్చున్నాను. టై కట్టుకుని పడవలో లాగుడు కోణం గురించి ఉపన్యాసం ఇస్తున్న ఆ కుర్రాడు కళ్లముందు కనిపించాడు. ఎంత ధీమాగా ఉన్నాడో పాపం! వాణ్ని తిట్టాలనుకున్నాను గాని నవ్వొచ్చింది.