నమలడం నేర్చుకున్నాను

నేను అన్నం తినేవాణ్ణి కాదు, మింగేవాణ్ణి. దాన్ని గొప్పగా చెప్పుకునే ఇల్లు మాది. చౌటుప్పల్ దగ్గర ఊరు, నేతపని, నట్టింట్లో గుంట మగ్గం. పడుగు పోగులను వీధిలో బారుగా చాచి గంజి పట్టించే రోజున ఎండ ముదరకముందే పని తెమలాలి. గంజి ఒకచోట తడిగా, ఒకచోట పెళుసుగా ఆరిందంటే మగ్గం మీద పోగులు పుటుక్కున తెగుతాయి. ఆ రోజుల్లో తిండి అంటే నిలబడి, జొన్న గట్కలో మజ్జిగ పోసుకుని, గుటగుటా తాగేయడమే. ఆ తొందర మిగతా రోజులకూ అంటుకుంది. "మావోడు కూసున్నది ఎరుకైతది గని లేసింది ఎరుక కాదు" అని మా అమ్మ వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోయేది.

పంతొమ్మిది వందల అరవైల్లో, నాకింకా ముప్పై ఏళ్లు నిండకముందే, కడుపులో పుండు పడింది. రక్తం కక్కుకున్నాక హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ కోసి, కడుపులో సగానికి పైగా తీసేశారు. ఇంటికి పంపే రోజు నర్సమ్మ మంచం పక్కన నిలబడి చెప్పింది.

"ఇగ నీ కడుపు పిడికెడే. కొంచెం కొంచెం తినాలె, ముద్ద పిండి లెక్క అయ్యేదాక నమలాలె. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు. తీపి జోలికి పోవద్దు. తొందరపడితే ఏమైతదో నువ్వే చూస్తవు."

నేను లోపల నవ్వుకున్నాను. నమలడం కూడా ఒకరు నేర్పాలా?

ఇంటికొచ్చిన నాడే చూశాను. కొడుకు బతికి వచ్చాడని అమ్మ బెల్లం వేసి పరమాన్నం వండింది. దవాఖాన తిండితో మొహం వాచి ఉన్నానేమో, గిన్నె చూడగానే నర్సమ్మా లేదు, ఆమె మాటా లేదు. ఊడ్చిపెట్టాను. కాసేపటికి గుండె దడదడలాడింది. ఒళ్లంతా చెమటలు, కళ్లముందు ఇల్లు గిర్రున తిరిగింది. పోయానే అనుకున్నాను.

"దిష్టిరా బిడ్డా, దిష్టి! బస్సు దిగంగ ఎవల కండ్లు పడ్డయో!" అంటూ అమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఆ ఘాటుకు దగ్గు తగులుకుంది. కుట్లు పిగులుతాయేమోనని పొట్ట పట్టుకుని కూర్చున్నాను.

"ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే గద అత్తమ్మా" అని నా భార్య మెల్లగా అన్నది.

అమ్మ ఉరిమి చూసేసరికి ఆమె చంటిదాన్ని ఎత్తుకుని లోపలికి పోయింది.

సరే, నమలడం మొదలుపెట్టాను. ఛీ, అదేం పని! నోట్లో రొట్టె రుచంతా పోయి పిండి అయిపోయి దానంతటదే జారేదాకా ఊరికే కూర్చోవాలి. చెయ్యి ఊరుకోదు, ఇంకో ముక్క తుంచి పట్టుకుని ఉంటుంది. పక్కింటాయన నాకు బావ వరస. ఒకరోజు గడపలో నిలబడి కాసేపు నన్నే చూశాడు.

"ఏం బామ్మర్దీ, బర్రె లెక్క నెమరేస్తున్నవు?"

"నీ పని నువ్వు చూసుకో బావా" అని కసిరాను. పోనూ పోయాడు, వాకిట్లోంచి "అంబా" అని అరిచి మరీ పోయాడు.

కానీ నన్ను తొందరపెట్టింది బావ ఎగతాళి కాదు. మా ఇంట్లో మగవాడు తిని చెయ్యి కడిగితే గాని ఆడవాళ్లు కంచం ముందు కూర్చోరు. ఇదివరకు అది ఎవరికీ భారం కాలేదు, నా తిండి అంత చిటికెలో అయ్యేది. ఇప్పుడు నేను కూర్చుంటే లేచేది ఎప్పుడో నాకే తెలియదు. పైగా నాకు పూటకొక్కసారి తింటే సరిపోదు, మళ్లీ మళ్లీ తినాలి. నా వెనక పొయ్యి దగ్గర మా అమ్మ, ఒళ్లో చంటిదానితో నా భార్య, ఇద్దరూ ఖాళీ కడుపులతో కనిపెట్టుకుని ఉండేవాళ్లు. చంటిది రొమ్ము పట్టి గుంజి, వదిలి, ఏడ్చేది. "పాలు సాలుతలేవు" అని నా భార్య మా అమ్మతో గొణగడం విన్నాను. ఆ మాట విన్నాక ఇక నములుతానా? మింగి లేచేవాణ్ణి.

మళ్లీ అవే చెమటలు, అదే దడ. ఒకరోజు అట్లాగే మింగి, మగ్గం గుంటలోకి కాళ్లు పెట్టబోతూ కళ్లు తిరిగి అందులోనే పడ్డాను. నుదురు చీరుకుపోయింది. నా భార్య కొంగుతో నెత్తురు అదిమిపట్టి ఏడుస్తుంటే నాకు భయం వేసింది. తొందరగా తింటే నేను దక్కను. మెల్లగా తింటే పిల్లకు పాలుండవు. ఇదేం బతుకురా దేవుడా అనుకున్నాను.

మర్నాడు కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా అన్నాను. "మీరు గూడ పెట్టుకోండ్రి. అందరం ఒక్కపారే తిందాం."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం మాటరా అది? మొగోడు తినంగ ఆడోళ్లు తినుడా? మీ బాపు ఉన్నన్నాళ్లు ఆయన తినకముందు నేను ఎన్నడన్న తిన్ననా?"

"బాపుకు నిండు కడుపుండె. నాకు పిడికెడున్నది."

"ఇంటికి అరిష్టం."

"పిల్ల పాలకు ఏడిస్తే అరిష్టం కాదా?"

నాకు కోపం వస్తే ముందూ వెనకా చూడను. కంచం అవతలికి నెట్టేశాను. "ఆమె తింటెనే నేను తింట. లేకుంటె గీ రొట్టె కుక్కకెయ్యి!"

నా భార్య బిక్కచచ్చిపోయింది. "నాకు ఆకలైతలేదు, నువ్వు తిను" అన్నది. పచ్చి అబద్ధం. అంతలో చంటిది కేర్‌మన్నది. అమ్మ దాని నోటి వంక చూసింది, కోడలి మొహం వంక చూసింది. ఏమనుకుందో ఏమో, లేచి రొట్టె తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"తిను. నా మనుమరాలి కోసం తిను. నీ మొగని మాటకు కాదు." తను మాత్రం పెరట్లోకి వెళ్లిపోయింది.

మొదట్లో నా భార్య నాకు వీపు తిప్పి కూర్చుని తినేది. రాను రాను పక్కకు తిరిగింది, ఆ తర్వాత ఎదురుగానే కూర్చుంది. తింటూ ఏవో ముచ్చట్లు చెప్పేది. మాట వింటూ ఉంటే చెయ్యి ఆగుతుంది కదా, నాకు నమలడం అట్లా పట్టుబడింది. చెమటలు పట్టడం తగ్గింది. చంటిది కడుపు నిండా తాగి నిద్రపోతుంటే చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

అమ్మ మాత్రం మొండిది. మేమిద్దరం లేచాకే, పొయ్యి వైపు తిరిగి తినేది. నా భార్య పిల్లను తీసుకుని దేవరకొండలో పుట్టింటికి పోయినప్పుడు ఇంట్లో అమ్మ, నేను మిగిలాం. మధ్యాహ్నం నాకు రొట్టె, పప్పు పెట్టి అమ్మ గోడకు జారగిలబడింది.

"నువ్వు గూడ కూసోయే అమ్మా."

"నాకేం తొందర? నువ్వు తిను."

"మాట్లాడెటోళ్లు లేకుంటె మళ్ల మింగుత. మళ్ల గుంటల పడ్త. నీ ఇష్టం."

గుంట మాట వినేసరికి గొణుక్కుంటూ కంచం తెచ్చుకుంది. కూర్చుంది గాని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొడుకు ముందు తినడానికి సిగ్గేమో అనుకున్నాను. ఈగను తోలబోతే కొంగు జారింది.

అమ్మ రొట్టెను నీళ్లలో నానబెట్టి, వేళ్లతో మెత్తగా మెదిపి, ఒక బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. నోరు తెరిచినప్పుడు కనిపించింది, దవడ పళ్లు ఒక్కటీ లేవు.

"పండ్లు ఎప్పుడు పోయినయే?"

"శానేండ్లాయె. మీ బాపు ఉండంగనే."

"నాకు చెప్పలేదేందే?"

"చెప్తే ఏం జేస్తుంటివి, నీ పండ్లిస్తుంటివా?" అని నవ్వింది.

పుట్టినప్పటి నుంచి ఆమె చేతి తిండే తిన్నాను. ఆమె ఎట్లా తింటుందో ఒక్కనాడూ చూడలేదు. ఏడుపు ఆగలేదు. అమ్మ కంట పడకూడదని, నోట్లో ముద్ద గబుక్కున మింగి లేవబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"మెల్లగ తినరా బిడ్డా. నాది గూడ ఇంక అయిపోలే."