పందొమ్మిదో గడి

మా ఆఫీసులో ఆమెను అందరూ టేపక్క అనేవాళ్ళు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉండేది. పిల్లల గదులకు కావలసిన మంచాలు, బల్లలు, అలమరలు ఇంటర్నెట్‌లో అమ్మే కంపెనీ మాది. గోడౌనుకు కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు ఆవిడ చెయ్యి పడాల్సిందే. పొడవు, వెడల్పు కొలిచేది. సొరుగును పదిసార్లు లాగి మూసేది. మంచం అంచున కూర్చుని ఒళ్ళంతా బరువేసి ఊగేది. తరువాత మేడమీదికి వచ్చి, కంప్యూటరులో ఆ వస్తువు పేజీలో ఉన్న ముప్ఫై నాలుగు గడులనూ రెండే రెండు వేళ్ళతో టైపు చేసి నింపేది. పదకొండేళ్ళుగా అదే పని. నేను అక్కడ కొనుగోలుదార్ల ఫోన్లు ఎత్తేదాన్ని.

ఆ గడుల్లో పందొమ్మిదోదాని పేరు 'లోపలి మాట'. కొనేవాళ్ళకు అది కనిపించదు. వస్తువు గురించి మాలో మేము చెప్పుకోవలసిన సంగతులు అందులో ఉండేవి. "ఈ కుర్చీ మొదటి వారం కిర్రుమంటుంది, కంగారు పడొద్దని చెప్పండి." "తెలుపు అని పంపారు గానీ పగటి వెలుగులో మీగడ రంగు." సగం ఫోన్లకు నేను ఆ గడి చూసే జవాబు చెప్పేదాన్ని. వాళ్ళు నన్ను తెలివైనదాన్ననుకునేవాళ్ళు. ఆ తెలివి టేపక్కది.

మా సరుకు తెచ్చుకుని అమ్మే దుకాణాలు బయట ఇరవై దాకా ఉన్నాయి. వాళ్ళ కంప్యూటర్లు మా కంప్యూటరును అడిగి వస్తువుల వివరాలు తీసుకునే దారి ఒకటుంది. దాన్ని ఏపీఐ అంటారు. ఆ దారికి తలుపు లేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అడిగినవాడికల్లా ముప్ఫై నాలుగు గడులూ ఇచ్చేస్తోంది. ఒక దుకాణంవాళ్ళు చూసుకోకుండా లోపలి మాటను ఉన్నదున్నట్టు తమ పేజీలోకి ఎక్కించేశారు. "ఈ బల్ల కాళ్ళు కాస్త వంకర, రెండేళ్ళు నిలబడితే గొప్పే" అన్న టేపక్క వాక్యాన్ని మూడు రోజులు లోకమంతా చదివింది. బల్ల ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు.

అప్పుడు మేనేజరు గారు కొత్తమ్మాయిని తీసుకొచ్చారు. ప్రోగ్రామరు. పాతికేళ్ళుంటాయేమో. మూడు వారాల్లో ఆ దారికి తలుపు పెట్టింది. ఒక్కొక్క దుకాణానికీ ఒక్కొక్క తాళంచెవి లాంటి సంఖ్య ఇచ్చింది. ఎవరికి ఏ గడి కనిపించాలో ఒక పట్టిక తయారుచేసింది. పట్టికలో టిక్కు ఉంటేనే గడి బయటికి వెళుతుంది, లేకపోతే ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. మేనేజరు గారు మురిసిపోయి ఆ అమ్మాయి బల్లను తన గది పక్కనే వేయించారు.

టేపక్కకు మంట అక్కడే మొదలైంది. అంతకుముందు సరుకు గురించి ఏ సందేహం వచ్చినా మేనేజరు గారు నడవాలోంచి ఆవిడనే పిలిచేవారు. ఇప్పుడు గదిలోంచి పక్కకి తల తిప్పితే చాలు, ఆ అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి అక్షరాల వంక చూడకుండా టకటకా టైపు చేసేది. ఎవరితో మాట్లాడినా నవ్వుతూ మాట్లాడేది. అందరం చుట్టూ చేరేవాళ్ళం. నేనూ చేరాను, అబద్ధం ఎందుకు? మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు టేపక్క నా పక్కనే కూర్చున్నా ఆవిడ కళ్ళు ఆ బల్ల మీదే ఉండేవి. ఆ అమ్మాయి కొత్త చెప్పులు వేసుకొచ్చినా ఆవిడకు తెలిసేది, తలనొప్పిగా ఉందని త్వరగా వెళ్ళినా తెలిసేది. ప్రేమించినవాళ్ళను కూడా మనం అంత శ్రద్ధగా చూడం.

ఇంట్లో రోజూ అదే గోలట. కూరగాయలు తరుగుతూ ఆ అమ్మాయి ముచ్చట్లే. ఒకరోజు అత్తగారు వినీ వినీ కత్తిపీట పక్కన పెట్టి, "నీది కోపం కాదమ్మాయ్, కుళ్ళు" అన్నారట. రెండు రోజులు అత్తాకోడళ్ళకు మాటల్లేవు. ఇవన్నీ టేపక్క నాకు తరువాత చెప్పింది.

గడుల సంగతి తెలిసినది టేపక్కే కాబట్టి పట్టికలో టిక్కులు పెట్టే పని మేనేజరు గారు ఆవిడకే అప్పగించారు. రెండు రోజులు కూర్చుని వరస వరసా చూసింది. దుకాణాల వరసల్లో లోపలి మాట మూసేసింది, అది సరైనదే. చివరన 'ఆఫీసు తెరలు' అని ఒక వరస ఉంది. కొత్తమ్మాయి రాసిన ప్రోగ్రాములన్నీ ఆ వరస కిందికే వస్తాయి. పదకొండేళ్ళ తన మాటలను ఆ పిల్ల ఊరికే చదువుకోవడం ఎందుకనిపించింది ఆవిడకు. అక్కడ కూడా టిక్కు తీసేసింది.

మర్నాడే కొత్తమ్మాయి వచ్చి, మా వరసలో పందొమ్మిది తీసేశారు, కావాలనేనా అక్కా అని మెల్లగా అడిగింది.

"కావాలనే. అవసరమున్నవాళ్ళకే చూపించాలన్న రూలు నువ్వు పెట్టిందేగా" అంది టేపక్క.

"నాకక్కర్లేదక్కా. కానీ ఫోన్లవాళ్ళ తెర కూడా..."

ఆ మాట పూర్తికాకముందే టేపక్క గోడౌను మెట్లు దిగిపోయింది.

నా తెర మీద ఆ గడి ఆ రోజు నుంచి ఖాళీగా ఉంది. నేను గమనించాను. అప్పట్లో ఫోన్లన్నీ కొత్తగా వచ్చిన సరుకు గురించే, ఈ మధ్య పని ఎక్కువై టేపక్క రాయడం లేదేమో అనుకున్నాను. లేచి పది అడుగులు వేసి అడగలేదు. కాబట్టి ఇందులో నా పాలు కూడా ఉంది.

పది రోజుల తరువాత ఒకావిడ ఫోన్ చేసింది. రెండంతస్తుల పిల్లల మంచం కొన్నారు, పై మంచానికి పక్కనుండే కడ్డీ ఊగుతోంది. గడి చూశాను, ఏమీ లేదు. స్క్రూలు గట్టిగా బిగించుకోమని చెప్పాను. మూడో రోజు ఉదయం ఆవిడ భర్త ఫోన్ చేశాడు. అరవలేదు. వాళ్ళ ఆరేళ్ళ పాప కడ్డీతో సహా కింద పడిందని, భుజం దగ్గర ఎముక చిట్లిందని, బిగించమని చెప్పింది మీరేనా అని అడిగాడు. అవునన్నాను. ఫోన్ పెట్టేసి లేచాను.

టేపక్క దగ్గరికి వెళ్ళి, ఆ మంచం గురించి ఏమీ రాయలేదేమిటని అడిగాను. "ఎందుకు రాయలేదు!" అని తన తెర తిప్పి చూపించింది. ఆవిడ గడులు నింపే పేజీకి ఆ పట్టికతో పనిలేదు. పందొమ్మిదో గడిలో స్పష్టంగా ఉంది: "రెండో లాటులో కడ్డీ బోల్టులు పొట్టివి. ఊగుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే బిగించమని చెప్పొద్దు. పైన పడుకోనివ్వొద్దనండి, వెంటనే పొడుగు బోల్టులు పంపండి." అప్పుడు వచ్చి నా తెర చూసింది. ఖాళీ. "ఇదీ ఆఫీసు తెరల కిందికే వస్తుందా?" అంది.

మేనేజరు గారు వచ్చారు. కొత్తమ్మాయి అప్పటికే తన బల్ల దగ్గర పట్టికలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే పేజీ తెరిచి చూస్తోంది. టేపక్క పేరు, తేదీ, టైము, అన్నీ ఉన్నాయి. మేనేజరు గారి అడుగులు వినపడగానే ఆ పేజీ మూసేసింది. గడి ఎలా ఖాళీ అయిందని ఆయన అడిగితే, "నా ప్రోగ్రాములోనే ఏదో తప్పుండొచ్చు సార్, చూస్తాను" అంది.

ఆ మాటతో గండం గడిచిపోయేది. టేపక్క నోరు మూసుకుంటే చాలు. కానీ ఆవిడ రెండడుగులు ముందుకొచ్చింది.

"తప్పు ప్రోగ్రాముది కాదు సార్. టిక్కు నేనే తీసేశాను."

"పొరపాటునా?"

"కాదు. కుళ్ళుతో."

మేనేజరు గారు కొత్తమ్మాయి వైపు చూశారు.

అంత నిజాయితీ ఆవిడకు ఎక్కడినుంచి వచ్చిందా అని నేను చాలా రోజులు ఆశ్చర్యపోయాను. ఒకసారి అడిగేశాను. టేపక్క నవ్వలేదు. "నిజాయితీ కాదే పిచ్చిమొహమా. ఆ పిల్ల నన్ను కాపాడబోయినప్పుడు నాకు ఇంకా మండింది. పని దానిది, పొగడ్త దానిది, చివరికి మంచితనం కూడా దానికేనా అనిపించింది. అది మాత్రం దక్కనివ్వకూడదనుకున్నా" అంది.

మేనేజరు గారు ఆవిడను పనిలోంచి తీసెయ్యలేదు గానీ పట్టిక మీద అధికారం ఆ పూటే తీసేశారు. రెండో లాటు మంచాలు కొన్న ఇళ్ళు యాభై మూడు. టేపక్క, నేను చెరోవైపు కూర్చుని రెండు రోజుల్లో అందరికీ ఫోన్లు చేశాం. దగ్గరున్న ఇళ్ళకు ఆవిడే వెళ్ళి బోల్టులు మార్చి వచ్చింది. పాప ఇంటికి వెళ్ళినప్పుడు ఆ తల్లి గుమ్మంలోనే నిలబెట్టింది. టేపక్క అక్కడే జరిగినది జరిగినట్టు చెప్పింది. తల్లి అంతా విని, మంచం తీసుకుపొమ్మని మాత్రం అని తలుపు వేసేసింది. ఆరు వారాలకు ఎముక అతుక్కుందని పాప తండ్రే ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. నేను ఆ ఫోన్ టేపక్క చేతికిచ్చాను. ఆవిడ "సరే బాబూ, సరే" అని ఫోన్ నాకు తిరిగిచ్చేసింది.

మూడు నెలల తరువాత పట్టిక మళ్ళీ ఆవిడ చేతికి వచ్చింది, ఒక షరతుతో. ఏ గడి తెరవాలన్నా, మూయాలన్నా ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు టేపక్క, రెండోవారు కొత్తమ్మాయి. అలా పెట్టమని అడిగింది కొత్తమ్మాయేనట. ఆ రోజు తను టేపక్క వెంట గోడౌనులోకి దిగి ఫోన్లవాళ్ళ తెర సంగతి పూర్తిగా చెప్పాల్సిందని మేనేజరు గారితో అందట.

ఇప్పుడు వాళ్ళిద్దరూ వారానికోసారి ఒకే తెర ముందు కూర్చుంటారు. స్నేహితులయ్యారని చెప్పలేను. గోడౌను పని నేర్చుకుంటానని కొత్తమ్మాయి ఈ మధ్య కిందికి కూడా దిగుతోంది. మొన్న ఒక పుస్తకాల అలమర చూసి వచ్చి, లోపలి మాట తనే రాసింది: "ఖాళీగా ఉన్నప్పుడు ముందుకి తూలుతుంది. గోడకి బిగించాకే పుస్తకాలు పెట్టమనండి." టేపక్క దాన్ని రెండుసార్లు చదివింది. తప్పు వెతుకుతోందని ఆవిడ ముఖం చూస్తేనే తెలుస్తోంది. దొరకలేదు.

"బాగానే రాసింది" అంది నాతో, పంటి బిగువున. ఒప్పుకుంటున్నట్టు టిక్కు పెట్టి, ఆ గడి నాకు కనిపిస్తోందో లేదో చూడమంది. కనిపిస్తోందన్నాను.